బ్లూస్క్రీన్ 0 శాతం దగ్గరే ఆగిపోయింది

లారీ గేటు దాటాలంటే ఈ-వే బిల్లు ఉండాలి. దానికి ముందు ఇన్‌వాయిస్ ఉండాలి. ఆ ఇన్‌వాయిస్ బాలానగర్‌లో మా గోడౌన్ పై అంతస్తులో, ఏసీ గదిలో ఉన్న ఒకే ఒక్క సర్వర్‌లోంచి రావాలి. మాది మందుల హోల్‌సేల్ వ్యాపారం. కోఠిలో పాత ఆఫీసు, బాలానగర్‌లో గోడౌన్. రెండు చోట్లా కంప్యూటర్, ప్రింటర్, కెమెరా, వైఫై ఏది ఆగినా ఫోన్ నాకే వస్తుంది.

సర్వర్ మీద విండోస్ సర్వర్ 2019 ఉంది. అందులో లెక్కలన్నీ దాచే ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్, దాని మీద బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడుస్తాయి. వీటన్నిటి కింద ఒక రెయిడ్ కార్డు, అంటే చాలా డిస్కుల్ని ఒక్కటిగా నడిపించే కార్డు, దానికి తగిలించిన హార్డ్‌డిస్కులు. ఏళ్ళుగా గొడవ లేకుండా నడిచింది. వేసవి మొదట్లో ఆ రెయిడ్ కార్డు పాడైంది. సర్వర్ కంపెనీ ఇంజినీరు వచ్చి, వారంటీలో కొత్త కార్డు వేసి, డిస్కుల్లో ఉన్న పాత కాన్ఫిగరేషన్‌ను ఇంపోర్ట్ చేసి, సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. డేటా మొత్తం భద్రంగా ఉంది. అందరం హమ్మయ్య అనుకున్నాం.

కొన్ని వారాలకు, ఒక బుధవారం పొద్దున గోడౌన్ ఇన్‌చార్జి ఫోన్ చేశాడు. "అన్నా, బిల్లు కొడుతుంటే తిరుగుతనే ఉంది. ఒక్క సిస్టం గూడ ఓపెన్ అయితలేదు." వెళ్ళి చూస్తే సర్వర్ లైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. కీబోర్డుకు ఉలుకూ పలుకూ లేదు. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపి, మళ్ళీ వేశాను. లేచింది. ఎస్‌క్యూఎల్ తన రికవరీ తాను చేసుకుంది. గంట ఆలస్యంగా లారీలు కదిలాయి.

ఇది అక్కడితో అయిపోలేదు. మధ్యలో కొన్ని వారాలు ఏమీ జరగకపోయేది, ఆ తర్వాత మళ్ళీ ఇదే.

ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించింది ఒక్కటే ఎర్ర గుర్తు: ఈవెంట్ 41, కెర్నల్-పవర్. ఈ పేరు చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. సిస్టం సరిగ్గా షట్‌డౌన్ కాకుండా మళ్ళీ లేచింది అని మాత్రమే దాని అర్థం. కరెంటు పోయినా, హ్యాంగ్ అయినా, నాలాంటివాడు బటన్ నొక్కి ఆపినా అదే వస్తుంది. కానీ 'పవర్' అన్న మాట మా పెద్దసార్ కంటపడింది. మర్నాడే యూపీఎస్ మనిషిని పిలిపించారు. బ్యాటరీలు మార్చారు. ఎర్తింగ్ చూశారు. మే నెల హైదరాబాద్ ఎండ కాబట్టి తర్వాతి అనుమానం ఏసీ మీదికి పోయింది. రాత్రిళ్ళు వాచ్‌మన్ ఏసీ ఆపేస్తున్నాడేమోనని ఆయన్ని కూడా నిలదీశారు. పాపం, ఆయనకు ఆ గది తాళం చెవే లేదు.

నాకు వేరే దారి ఉంది. ఇలాంటి సర్వర్లలో మదర్‌బోర్డు మీద చిన్న మేనేజ్‌మెంట్ చిప్ ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టం పడిపోయినా అది తన సొంత నెట్‌వర్క్ పోర్టు మీద మేలుకునే ఉంటుంది. ఉష్ణోగ్రతలు, ఫ్యాన్ల వేగం, పవర్ సప్లైల పరిస్థితి అన్నీ తన దగ్గర రాసుకుంటుంది. ఆ రాత్రుల లాగ్ మొత్తం చూశాను. వేడి పెరగలేదు, కరెంటు ఒక్క సెకను కూడా పోలేదు, ర్యామ్‌లో ఎర్రర్ లేదు. అయినా ఒక ఆదివారం ర్యామ్ టెస్ట్ కూడా నడిపించాను, తర్వాత ఎవరూ అడగకుండా ఉండడానికి. అదీ శుభ్రంగా పాసైంది.

ఈవెంట్ 41ని విప్పి చూస్తే లోపల బగ్‌చెక్ కోడ్ అని ఒక గడి ఉంటుంది. విండోస్ కూలినప్పుడు కనిపించే నీలం తెర, బ్లూస్క్రీన్, వచ్చి ఉంటే మామూలుగా అందులో దాని నంబరు ఉండాలి. మాకు అక్కడ 0. క్రాష్ క్షణాన మెమొరీలో ఉన్నదాన్ని విండోస్ డంప్ అనే ఫైలుగా దాస్తుంది. మినీడంప్ ఫోల్డర్ ఖాళీ. మెమొరీ డంప్ ఫైలూ లేదు. విండోస్ లాగ్‌లో చివరి ఎంట్రీ రాత్రి పదకొండున్నర ప్రాంతంలోది, ఆ తర్వాత పొద్దున నేను వేసేదాకా ఏమీ లేదు.

ఆ ఖాళీయే నన్ను ఆలోచనలో పడేసింది. ఏ ప్రోగ్రాం చచ్చిపోయినా, హార్డ్‌వేర్‌తో మాట్లాడే ఏ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కూలినా విండోస్ ఎంతో కొంత రాసి పోతుంది. ఒక్క అక్షరం కూడా పడలేదంటే, రాయలేకపోయిందేమో! లాగ్ ఎక్కడికి వెళ్ళాలి? డిస్క్‌కి. డిస్క్‌కి ఎవరి ద్వారా వెళ్ళాలి? రెయిడ్ కార్డు డ్రైవర్ ద్వారా. దొంగతనం పోలీస్ స్టేషన్‌లోనే జరిగితే కేసు ఎవరు రాస్తారు?

అక్కడి నుంచి క్రాష్ అయిన రాత్రిని వదిలేసి, క్రాష్ కాని రాత్రుల లాగ్‌లు చదవడం మొదలుపెట్టాను. దొరికింది. ఈవెంట్ 129. రెయిడ్‌పోర్ట్ అనే డివైస్‌కి రీసెట్ పంపాం అని పసుపు రంగు హెచ్చరిక. ఎర్ర గుర్తు కాదు కాబట్టి ఎవరి కంటా పడదు. దాని వెనక సంగతి ఇది: విండోస్‌లో డిస్క్‌కి పంపిన ఏ పనికైనా గడువు ఉంటుంది, మామూలుగా 60 సెకన్లు. అప్పటికీ జవాబు రాకపోతే స్టోర్‌పోర్ట్ అనే భాగం, కింద ఉన్న కంపెనీ డ్రైవర్‌కి రీసెట్ చేయమని చెబుతుంది. రీసెట్ ఫలించి డిస్క్ మళ్ళీ పలికితే ఆ హెచ్చరిక లాగ్‌లో పడుతుంది. ఫలించకపోతే అదీ పడదు. అంటే మాకు కనిపిస్తున్నవన్నీ బతికి బయటపడ్డ రాత్రులే.

ఎస్‌క్యూఎల్ లాగ్ కూడా అదే మాట చెప్పింది. ఒక రీడ్ గానీ రైట్ గానీ 15 సెకన్లు దాటినా పూర్తి కాకపోతే అది 833 నంబరుతో మెసేజ్ రాస్తుంది. ఆ మెసేజ్‌లు వరసగా ఉన్నాయి. అన్నీ మంగళవారం రాత్రులవే, బ్యాకప్ నడిచే సమయంలోవే.

బ్యాకప్ రోజూ రాత్రి పదకొండుకు నడుస్తుంది. మరి మంగళవారం ప్రత్యేకత ఏమిటి? దీనికి జవాబు కార్డు సెట్టింగుల్లో దొరికింది. పెట్రోల్ రీడ్ అని ఒక పని ఉంటుంది. కార్డు తనంతట తాను డిస్కుల్ని మొదటి నుంచి చివరిదాకా చదువుకుంటూ, చెడిపోయిన సెక్టార్లను ముందే పట్టుకుంటుంది. మా కార్డులో అది 168 గంటలకోసారి, అంటే సరిగ్గా వారానికోసారి మొదలవుతుంది. కొత్త కార్డు వేసింది ఒక మంగళవారం సాయంత్రం. ఆ రోజు నుంచి ప్రతి మంగళవారం రాత్రి బ్యాకప్ భారం, పెట్రోల్ రీడ్ భారం ఒకేసారి పడుతున్నాయి. కొన్నిసార్లు తట్టుకుంటోంది, కొన్నిసార్లు లేదు.

ఆ తర్వాతి మంగళవారం నిద్ర మానుకుని ఇంటి నుంచే ఆ మేనేజ్‌మెంట్ చిప్ ద్వారా సర్వర్ స్క్రీన్ తెరిచి కూర్చున్నాను. అర్ధరాత్రి దాటాక మౌస్ కదలిక నత్తనడకన పడింది. కాసేపటికి నీలం స్క్రీన్. కింద స్టాప్ కోడ్: డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్. పైన, సమాచారం సేకరిస్తున్నాం, 0 శాతం పూర్తయింది అని ఉంది. ఎంతసేపు చూసినా అది 0 మీదే ఉంది. స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. పొద్దున వరకు వదిలేస్తే మానిటర్‌కి సిగ్నల్ పోయి నల్లగా మారింది. మేం ప్రతిసారీ పొద్దున చూసింది ఆ నలుపునే.

ఆ సున్నా గురించి కాస్త చెప్పాలి, ఈ వ్యవహారంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం అదే. బ్లూస్క్రీన్ వచ్చాక విండోస్ మామూలు దారిలో డిస్క్‌కి రాయదు. ఆ దారే చెడిపోయి ఉండొచ్చు కదా. అందుకని ముందుగానే స్టోరేజ్ డ్రైవర్‌కి ఇంకో కాపీని, పేరు ముందు డంప్ అని తగిలించి, మెమొరీలో విడిగా పెట్టుకుంటుంది. క్రాష్ అయిన క్షణంలో ఆ కాపీని లేపి, మెమొరీలోని సమాచారాన్ని బూట్ డ్రైవ్ మీద పేజ్‌ఫైల్ అనే విండోస్ సొంత ఫైల్లోకి రాయిస్తుంది. మర్నాడు సిస్టం లేచాక దాన్ని మెమొరీ డంప్ ఫైలుగా మారుస్తుంది. తెలివైన ఏర్పాటే. కానీ కాపీ అయినా కోడ్ అదే, కింద ఉన్న కార్డూ అదే. కార్డు మొండికేసి కూర్చుంటే రెండో కాపీ మాత్రం ఏం చేస్తుంది?

డంప్ దొరక్కపోతే కంపెనీ వాళ్ళు నమ్మరు. అప్పటికే టోల్‌ఫ్రీ నంబర్‌కి ఫోన్ చేసి టికెట్ తెరిచాను. హార్డ్‌వేర్ లాగ్ శుభ్రంగా ఉంది కాబట్టి ఇది ఆపరేటింగ్ సిస్టం సమస్య, అటువైపు అడగండి అన్నారు. అటువైపు అడిగితే డ్రైవర్ మాది కాదు, డంప్ పంపితే చూస్తాం అన్నారు. స్క్రీన్‌షాట్ చూపిస్తే రెండు పక్కలా "ఓకే సార్, నోటెడ్ సార్."

తెలిసిన ఒక సీనియర్, డ్రైవర్ వెరిఫయర్ ఆన్ చెయ్యమన్నాడు. అది డ్రైవర్‌ని గట్టిగా పరీక్షించి, చిన్న తప్పు దొరికినా కావాలని సిస్టంని కూల్చేస్తుంది. ల్యాబ్‌లో అయితే మంచి పనిముట్టే. లారీలు నిలబడి ఉండే గోడౌన్ సర్వర్ మీద దాన్ని పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. ఇప్పటికీ పెట్టను.

నాకు తట్టిన ఉపాయం వేరే. డంప్‌ని రెయిడ్ కార్డు మీదుగా కాకుండా ఇంకో దారిలో రాయిస్తే? విండోస్‌లో డెడికేటెడ్ డంప్ ఫైల్ అని ఒక రిజిస్ట్రీ సెట్టింగ్ ఉంది. పేజ్‌ఫైల్‌తో పని లేకుండా, మనం చెప్పిన డ్రైవ్‌లో డంప్ కోసమే చోటు ఉంచుతుంది. ఆ డ్రైవ్ మదర్‌బోర్డు మీదే ఉండే సాటా అనే డిస్క్ పోర్టుకి ఉంటే, డంప్ రాసేటప్పుడు పనిచేసేది విండోస్ సొంత సాటా డ్రైవర్. మా కార్డుకి, దాని డ్రైవర్‌కి ఆ పనితో సంబంధమే ఉండదు.

సర్వర్ లోపల సాటా పోర్టు ఖాళీగానే ఉంది, డిస్క్‌కి పవర్ ఇచ్చే వైరు మాత్రం లేదు. డీవీడీ డ్రైవ్ ఒకటి ఏళ్ళుగా ఊరికే పడి ఉంది. ల్యాప్‌టాప్‌లో డీవీడీ తీసేసి ఎస్‌ఎస్‌డీ పెట్టుకునే చిన్న ఫ్రేమ్, క్యాడీ అంటారు, ఉంటుంది చూడండి, అది సరిపోతుందనిపించింది. మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో లైన్ మారి, ప్యారడైజ్‌లో దిగి సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్ళాను. హైదరాబాద్‌లో కంప్యూటర్ సామానుకి ఇప్పటికీ నా మొదటి ఠికానా అదే. ఆన్‌లైన్‌లో పది రూపాయలు తక్కువకి రావచ్చు, కానీ అక్కడ కౌంటర్ వెనక ఉన్న కుర్రాడు సరైన ప్రశ్న అడుగుతాడు. "తొమ్మిదిన్నర మిల్లీమీటర్‌దా అన్నా, పన్నెండు పాయింట్ ఏడుదా?" నేను ఫోన్‌లో పెట్టుకున్న డీవీడీ డ్రైవ్ ఫొటో చూపిస్తే, మందం చూసి 9.5ది తీసిచ్చాడు. చిన్న 240 జీబీ ఎస్‌ఎస్‌డీ కూడా తీసుకున్నాను.

ఆదివారం గోడౌన్ ఖాళీగా ఉన్నప్పుడు బిగించాను. రిజిస్ట్రీలో రెండు విలువలు రాయాలి: డంప్ ఏ ఫైల్లోకి వెళ్ళాలో ఒకటి, రీబూట్ తర్వాత చివరి ఫైలు ఎక్కడ తయారవ్వాలో రెండోది. రెండూ ఎస్‌ఎస్‌డీ మీదకే మళ్ళించాను. డంప్ రకం కెర్నల్ డంప్ పెట్టాను, అంటే విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్ భాగం మెమొరీ మాత్రమే. ఫుల్ డంప్ అయితే ర్యామ్ మొత్తం, అంటే ఎస్‌క్యూఎల్ మెమొరీలో ఉన్న కస్టమర్ల లెక్కలతో సహా ఫైల్లోకి వస్తుంది. బయటివాళ్ళకి పంపాల్సిన ఫైలు అది. కెర్నల్ డంప్‌లో ఆ భాగం చాలావరకు రాదు, సైజు కూడా తక్కువ. పూర్తి బ్యాకప్ తీసి, ఎస్‌క్యూఎల్ ఆపి, సిస్‌ఇంటర్నల్స్ వాళ్ళ నాట్‌మైఫాల్ట్ టూల్‌తో కావాలనే ఒక బ్లూస్క్రీన్ తెప్పించాను. శాతం చకచకా పెరిగి 100కి వెళ్ళింది. డంప్ ఫైలు తయారైంది. ఇక మంగళవారం కోసం ఎదురుచూడడమే.

క్రాష్ కావాలని కోరుకునే వారం ఎంత విచిత్రంగా ఉంటుందో చెప్పలేను. అకౌంట్స్ మేడంకి ముందే చెప్పాను, బుధవారం పొద్దున ఒక అరగంట ఆలస్యం కావచ్చని. "నువ్వే పోగొడుతున్నవా ఏంది?" అని నవ్వింది.

అనుకున్నట్టే పోయింది. ఈసారి తనంతట తానే రీబూట్ అయ్యి, పొద్దున నేను వెళ్ళేసరికి బిల్లింగ్ నడుస్తోంది. ఈవెంట్ 41లో బగ్‌చెక్ కోడ్ గడిలో 209 ఉంది. అది దశాంశ లెక్క. బ్లూస్క్రీన్ భాషలో చెప్తే డి1, ఆ రాత్రి స్క్రీన్ మీద చూసిన స్టాప్ కోడే.

డంప్‌ని నా ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకుని క్రాష్‌లను విప్పి చూసే విన్‌డీబగ్ టూల్‌లో తెరిచాను. అనలైజ్ కమాండ్ ఇస్తే కాసేపు ఆలోచించి రెయిడ్ కార్డు డ్రైవర్ పేరు చూపించింది. అంతమాత్రాన అదే దోషి అని తీర్పు ఇవ్వకూడదు. మెమొరీ ఇంకెవరో పాడుచేసి పోతే, తర్వాత దాన్ని ముట్టుకున్న అమాయకపు డ్రైవర్ పేరు కూడా ఇలాగే బయటికొస్తుంది. అందుకే వివరాలు చూడాలి. డి1తో పాటు నాలుగు విలువలు వస్తాయి. మొదటిది డ్రైవర్ ముట్టుకోబోయిన చిరునామా. మాకది 18. నిజమైన చిరునామా చాంతాడంత ఉంటుంది. ఇంత చిన్నది వచ్చిందంటే అక్కడ ఉండాల్సిన రికార్డు లేనే లేదు, సున్నా నుంచి లెక్క కట్టి లోపలికి చెయ్యి పెట్టింది అన్నమాట. రెండో విలువ 2. కెర్నల్‌లో పనులకి స్థాయిలుంటాయి. డిస్క్ నుంచి జవాబు వచ్చినప్పుడు డ్రైవర్ చేసే పని ఆ 2వ స్థాయిలో నడుస్తుంది. ఆ స్థాయిలో ఉన్న కోడ్ లేని చిరునామాని ముట్టుకుంటే విండోస్‌కి సర్దుకునే వీలు లేదు. సిస్టం మొత్తం ఆపేస్తుంది. మూడో విలువ 0, అంటే చదవబోయి పడింది. నాలుగోది ఆ పని చేసిన కోడ్ ఉన్న చోటు, అది నేరుగా ఆ డ్రైవర్ లోపలికే చూపించింది.

ఏ కోడ్ ఏ కోడ్‌ని పిలిచిందో చూపే కాల్ స్టాక్‌లో దాని పైనా కిందా స్టోర్‌పోర్ట్, విండోస్ కెర్నల్ తప్ప మూడోవాళ్ళు లేరు. యాంటీవైరస్ లేదు, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ లేదు. అదే సమయంలో కార్డుకి రీసెట్ నడుస్తోందని కూడా తెలుస్తోంది. రీసెట్‌లో రద్దయిన పనికి కార్డు ఆలస్యంగా జవాబు పంపితే, డ్రైవర్ అప్పటికే చెరిపేసుకున్న రికార్డు కోసం వెతికి ఉంటుందని నా అంచనా. కంపెనీ డ్రైవర్‌కి సింబల్స్, అంటే లోపలి పేర్ల పట్టిక, బయటికివ్వరు కాబట్టి లోపలి ఫంక్షన్ల పేర్లు కనపడవు. నేను అంతకన్నా లోతుకి పోలేను. పోనక్కర్లేదు కూడా. విన్‌డీబగ్ ఆ డ్రైవర్ తయారైన తేదీ చూపించింది: కొత్త కార్డు మీద ఉన్న ఫర్మ్‌వేర్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) కంటే చాలా పాతది. వారంటీ ఇంజినీరు కొత్త ఫర్మ్‌వేర్ ఉన్న కార్డు బిగించాడు, విండోస్‌లో డ్రైవర్ మాత్రం సర్వర్ కొన్ననాటిదే.

డంప్, 129 హెచ్చరికలు, 833 మెసేజ్‌లు, పెట్రోల్ రీడ్ టైములు ఒకచోట పెట్టి టికెట్‌లో జోడించాను. జవాబు తీరే మారిపోయింది. రెండో స్థాయి ఇంజినీరు తానే ఫోన్ చేశాడు, మన తెలుగాయనే. "సార్, ఆ ఫర్మ్‌వేర్‌తో ఈ డ్రైవర్ వాడకూడదు. కొత్త డ్రైవర్ రిలీజ్ నోట్స్‌లోనే ఉంది చూడండి" అన్నాడు. చూస్తే నిజంగానే ఉంది: రీసెట్ సమయంలో సిస్టం ఆగిపోయే సమస్యను సరిచేశాం అని ఒక్క వాక్యం. మరి కార్డు మార్చిన రోజు ఈ సంగతి ఎవరు చెప్పాలి అని అడిగితే, ఆ ముక్క ఫీడ్‌బ్యాక్‌లో రాయమన్నాడు. రాశాను.

పెద్దసార్‌కి మాత్రం ఒక సందేహం తీరలేదు. "ఒక్క చిన్న డ్రైవర్ కోసం మొత్తం సర్వర్ పడిపోతుందా? అదొక్కటే ఆగి, మిగతావి నడవొచ్చు కదా?" 2024 జులై 19 గుర్తుచేశాను. ఆ రోజు ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క కట్టింది. మన దేశంలో ఎయిర్‌పోర్టుల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అక్కడా పడింది కెర్నల్‌లో నడిచే డ్రైవరే. మామూలు ప్రోగ్రాంకి విండోస్ గోడ కడుతుంది, కెర్నల్‌లో ఉన్నవాళ్ళ మధ్య ఆ గోడ లేదు. "అయితే యూపీఎస్ బ్యాటరీల డబ్బులు దండగేనా?" అన్నారాయన. దానికి నేనేం మాట్లాడలేదు.

కొత్త డ్రైవర్ వేసేదాకా పెట్రోల్ రీడ్ ఆపి ఉంచాను. ఎక్కువ కాలం అలా ఉంచకూడదు. దాగి ఉన్న చెడ్డ సెక్టార్లు ఒక డిస్క్ పోయి, దాని డేటా కొత్త డిస్క్‌లోకి రీబిల్డ్ అవుతున్నప్పుడు బయటపడితే, ఒక్క డిస్క్ నష్టాన్నే తట్టుకునే రెయిడ్ 5 మనల్ని కాపాడలేకపోతుంది.

డ్రైవర్ మార్చడం చూడడానికి నాలుగు క్లిక్కులే. భయపెట్టేది రీబూట్. విండోస్ ఉన్న డిస్క్ కూడా ఆ కార్డు కిందే ఉంది. కొత్త డ్రైవర్ కుదరకపోతే 7బి స్టాప్ కోడ్, అంటే బూట్ డిస్కే కనిపించడం లేదన్న స్క్రీన్ వస్తుంది. అందుకని ముందు బయటి హార్డ్‌డిస్క్‌లోకి మొత్తం ఇమేజ్ తీశాను. విండోస్ రికవరీ పెన్‌డ్రైవ్ తయారు చేసి, అందులో పాత డ్రైవర్, కొత్త డ్రైవర్ రెండూ పెట్టుకున్నాను. అవసరమైతే డిజమ్ కమాండ్‌తో బయటి నుంచే డ్రైవర్ ఎక్కించడం ఎలాగో పాత డెస్క్‌టాప్ మీద ఒకసారి చేసి చూసుకున్నాను. ఆదివారం రాత్రి ఎస్‌క్యూఎల్ ఆపి, డ్రైవర్ వేసి, రీబూట్ కొట్టాను. సర్వర్లు లేవడానికి మామూలుగానే చాలాసేపు తీసుకుంటాయి. ఆ టెన్షన్‌లో ఇంకా ఎక్కువ అనిపించింది. లాగిన్ స్క్రీన్ వచ్చింది.

వచ్చింది కదా అని వదల్లేదు. పెట్రోల్ రీడ్‌ని చేత్తో మొదలుపెట్టి, దాని మీద బ్యాకప్ నడిపించి, అదీ చాలదన్నట్టు మైక్రోసాఫ్ట్ వాళ్ళ డిస్క్‌ఎస్‌పీడీ టూల్‌తో డిస్కుల మీద రాత్రంతా బరువు పెట్టాను. తెల్లారి చూస్తే ఒక్క 129 లేదు. ఎస్‌క్యూఎల్ లేపి డేటాబేస్ మీద చెక్‌డీబీ నడిపిస్తే అదీ శుభ్రం. క్రాష్‌ల వల్ల ఒక్క ఇన్‌వాయిస్ కూడా పాడవలేదు. కార్డు మీద క్యాష్ మెమొరీకి బ్యాటరీ ఉండడం, ఎస్‌క్యూఎల్ ఏ మార్పునైనా ముందు తన లాగ్‌లో రాసుకోవడం మమ్మల్ని కాపాడాయి.

పెట్రోల్ రీడ్‌ని మళ్ళీ ఆన్ చేశాను, కానీ ఆదివారం మధ్యాహ్నానికి మార్చాను. డ్రైవర్ బాగుపడినా ఆ రెండు భారాలూ ఒకే రాత్రి పడాల్సిన పనేమీ లేదు. 129 పడితే వెంటనే నాకు మెయిల్ వచ్చేలా టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టాను. క్యాడీలోని ఎస్‌ఎస్‌డీని తీయలేదు. తిరిగివ్వమని అకౌంట్స్ మేడం రెండోసారి అడిగింది, సీటీసీ బిల్లు ఆమె దగ్గరే ఉంది మరి. కోఠి ఆఫీసులో ఇదే మోడల్ సర్వర్ ఇంకొకటుంది. దాని రెయిడ్ కార్డు బ్యాటరీ హెచ్చరిక ఇస్తోంది, వారంటీ ఇంజినీరు శనివారం వస్తానన్నాడు. కొత్త కార్డు ఫర్మ్‌వేర్ నంబరు ముందే మెయిల్‌లో పంపమని రాశాను. ఇంకా జవాబు రాలేదు.